పసుపు సిగ్నల్

ముందు చప్పుడే విన్న.
రాత్రి పదకొండు దాటింది. కాజీపేట యార్డుల
గూడ్సు డబ్బాలు ఒకదాన్నొకటి గుద్దుకుంటున్నయి.
అది కాదు.
బల్ల కింద, కంప్యూటర్ పొట్టల,
టక్. కొంచెం ఆగి, టక్.

నేను కీమేన్ని, ఇరవై రెండేండ్ల సంది.
కీలు పోయి స్ప్రింగు క్లిప్పులొచ్చినా
మా పేరు మార్చుడు ఎవలకూ యాదికి రాలే.
పొద్దుగాల హసన్‌పర్తి దిక్కు నడుసుకుంట
సుత్తె తగిలిస్తే పట్టా బదులిస్తది.
మంచి ఇనుము ఖంగుమంటది.
పగులు పట్టింది, నోట్లె బుక్క పెట్టుకొని మాట్లాడినట్టుంటది.
ఈ టక్ రెండో జాతిది.

సింధూజ ఆవలించుకుంట వచ్చి
డిస్కును పరీక్ష చేసే ప్రోగ్రాం తెరిచింది.
నడిచిన గంటలు ముప్పై ఒక్క వేలు.
చెడిపోతే వేరే చోటికి మార్చిన గదులు నలభై రెండు.
పైన పసుపు పెట్టెల ఒక్కటే మాట: జాగ్రత్త.
"ఎర్రగ లేదు గదా నాయినా, రేపు చూద్దాం."

బిడ్డా, ఎరుపు సంగతి అందరికి ఎరుకనే.
పసుపు చూసి బండిని నెమ్మది చేసినోడే డ్రైవర్.

నలభై రెండు గదులట.
మేం గూడ ఇట్లనే చేస్తం.
పగిలిన స్లీపర్ గుంజేసి, పక్కకున్నది దోపుతం,
పైన పోయేటోళ్లకు కుదుపు గూడ తెల్వది.
కాని పక్కకున్న స్లీపర్లు లెక్కకే ఉంటయి.

ఏమున్నది దాంట్లె అంటే
నర్మద జాకెట్ల డిజైన్లు నాలుగొందలు,
ఎవల కొలతలు వాళ్ల పేరు మీద.
ఇంటి పన్ను రశీదులు. సింధూజ టెన్త్ మెమో.
నాలా పొంగిననాడు బియ్యం కంటె ముందు
సజ్జ మీదికెక్కించి కాపాడుకున్న పెండ్లి వీడియో.
దాంట్లె మా బావ డాన్సు. అది పోతే బావ ఏం ఏడ్వడు.

మర్నాడు హనుమకొండ చౌరస్తాల
అరచెయ్యంత డ్రైవులు రెండు కొన్న.
పగిలిందని తెలిసినంక మళ్ల సుత్తెతో కొట్టుడెందుకు?
ముందు నకలు తియ్యాలె, పరీక్షలు తర్వాత.

కాపీ మొదలైంది. మూడు గంటలు అన్నది.
పద్నాలుగు నిమిషాలు అన్నది.
రెండు రోజులు అన్నది.
మా స్టేషన్ల మైకు నయం.

నడిజాముల కరెంటు పోయింది, యూపీఎస్ కీచుమన్నది.
నర్మద లేచి విసనకర్ర అందుకున్నది.
విసిరింది నాకు కాదు, డబ్బాకు.
"వేడెక్కింది పాపం" అన్నది.

తెల్లారెటాల్లకు
ఇటు పద్దెనిమిది వేల నాలుగొందల ఆరు,
అటు పద్దెనిమిది వేల నాలుగొందల ఐదు.
దాటి రాని ఆ ఒక్కదాని పేరు
లలలలకకమ.
చిన్నోనికి మూడేండ్లున్నప్పటి తారీఖు.
కీబోర్డు మీద వాని చెయ్యే పడి ఉంటది.
పాటనో, బొమ్మనో, ఉత్తగనో.
పదకొండు సార్లు అడిగిన. టక్ అన్నది.

"వదిలెయ్ నాయినా, ఏం ఉండకపోవచ్చు."
ఏం ఉండకపోవచ్చు.
పట్టా పగిలిన కాడ కిలోమీటరు నంబరు రాసుకున్నట్టు
డైరీల రాసుకున్న: పేరు, తారీఖు, సైజు.

రెండు నకళ్లు ఒక్కింట్ల పెడితే
ఒక్క వరదకే రెండూ మునుగుతయి.
ఆదివారం పుష్‌పుల్ ఎక్కి
ఒకటి జమ్మికుంటల మా అక్క కనకవ్వకిచ్చిన.
పత్తి పైసలు దాచే బీరువల, చీరల నడుమ పెట్టింది.
"దీనికేమన్న తిండి పెట్టాల్నారా?"
"వద్దు. ఆర్నెల్లకోసారి నేనే వచ్చి తెరిచి చూస్త.
తెరిచి చూడని నకలు నకలు గాదక్కా."
"గట్లనన్న వస్తవు" అన్నది.
తాళమేసి, చెవిని
కొంగుకు ముడేసుకున్నది.