ఇసుక బస్తాకు టోపీ

ముందు అది కాగితం మీద గీత.
నేనే గీశాను, ఎర్ర పెన్సిలుతో.
టోపీలవాళ్ల వీధి మలుపులో చెయ్యి కాస్త వణికింది.
ఆ వణుకునే తర్వాత ఇంజనీర్లు
పాతిక మీటర్ల వ్యాసార్ధం అన్నారు.

గీతకు బరువుండదు.
తోమెబంబ నదిని ఒక్క అంగలో దాటేస్తుంది,
రొట్టెల కొట్టు ముందు ఆగి వాసన చూడదు.

గీత వెనకాల పలుగులొచ్చాయి.
అరిగి నున్నబడ్డ వీధి రాళ్లకు
ఒక్కోదానికీ పెయింటుతో నంబరు వేసి
గోడౌన్‌లో పేర్చాం,
ఎవరి చోటు వాళ్లకిస్తామని
రాళ్లకు మాటిచ్చాం.
మనుషులకు ఎవరూ నంబర్లు వెయ్యలేదు.

దోన్యా సోయిలా గ్వర్తంబెల్‌ది టోపీల కొట్టు.
గడ్డి టోపీకి ఆవిరి పట్టి, గంధకం పొగ వేసి,
చెక్క తలకు తొడిగి
పాత తల ఆకారం మర్చిపోయేదాకా ఇస్త్రీ చేస్తుంది.
ఆమె గుమ్మం ముందు మేం తవ్విన గొయ్యి
నిలువెత్తు.
బేరానికొచ్చేవాళ్లు బల్లచెక్క మీద నడిచి రావాలి
సర్కస్ వాళ్లలా చేతులు చాపి.
మొదటి నెల నలుగురొచ్చారు.
రెండో నెల నేనొక్కణ్ణే, కొలత టేపుతో.

ఎప్పటికి పూడుస్తారు నాయనా?
డిసెంబరుకి, అన్నాను.
ఏ డిసెంబరో నేను చెప్పలేదు,
ఆమె అడగలేదు.

బిల్లుల దగ్గర తగాదా పడి
కంపెనీ రాత్రికి రాత్రి క్రేన్లు ఎత్తుకుపోయింది.
వానలకు గోతిలో కప్పలు కాపురం పెట్టాయి.
పక్కింటి విల్మెర్ కాగితం పడవలు వదిలి
ట్రామొచ్చింది, ట్రామొచ్చింది అని అరిచేవాడు.
ఊరికే టోపీ పెట్టిపోయారని అందరూ అంటుంటే
దోన్యా సోయిలా ఒప్పుకోలేదు:
టోపీ అయితే కొలత చూసి పెట్టేవాళ్లు.

ఆ రాత్రి నా గీతను బయటికి తీశాను.
రబ్బరు కూడా తీశాను.
కాగితం మీద చెరిపితే గొయ్యి పూడుతుందా?
దీపం ఆర్పేసి పడుకున్నాను.

ఇంకో కంపెనీ, ఇంకో మేయరు,
కొన్ని డిసెంబర్లు.
విల్మెర్‌కు నూనూగు మీసాలొచ్చాయి.
చర్చి గోపురం ముందు తీగలు వద్దన్నారు,
కరెంటు నేలలోంచే ఇచ్చాం.
పట్టాలు వెంట్రుకవాసి తేడా లేకుండా పడ్డాయి.
రాళ్లు నంబర్ల వరసలో ఇంటికొచ్చాయి.
రెండువేల నూట పదిహేడు మాత్రం దొరకలేదు.

పరీక్షల నెలలో జనాన్ని ఎక్కించకూడదు.
మనిషికి డెబ్బై కేజీల లెక్కన
సీటుకో ఇసుక బస్తా.
రాత్రి రెండింటికి బండి వీధులు తిరిగేది,
దీపాలన్నీ వేసుకుని,
డ్యూటీ దిగినట్టు బస్తాలు కిటికీలకు జారగిలబడి.
దోన్యా సోయిలా కిటికీ గట్టు మీద
నిండు గ్లాసు నీళ్లు పెట్టుకుని కూర్చునేది.
చుక్క ఒలికినా కేసు వేస్తానంది.
ఒలకలేదు.
వణికాయి, అంతే,
ఆ మలుపులో నా చెయ్యి వణికినంత.

మర్నాడు కొట్లోకి పిలిచింది.
పేర్చిన టోపీల మీద బరువుగా ఒక రాయి,
పెయింటు గీకినా చివరి ఏడు పూర్తిగా పోలేదు.
నేను చూడలేదు.
పై అరలోంచి ఒక టోపీ తీసి దుమ్ము దులిపింది:
ఇది రిగొబెర్తోది.
బల్లచెక్క మీద నడవలేను, పూడ్చాక వస్తానన్నాడు.
తర్వాత అసలు నడవనే లేదు.
యాభై ఏడు సైజు.
నీ బండిలో చోటుందా?

ఆ రాత్రి మూడో సీటు, ఎడమ కిటికీ.
బస్తా మూతికి కట్టిన తాడు మీద
టోపీ సరిగ్గా కూర్చుంది.
మలుపులో డ్రైవరు మర్లెనె రెండుసార్లు గంట కొట్టింది,
రూల్సులో ఒకటే ఉంది.

దోన్యా సోయిలా చెయ్యి ఊపలేదు.
గట్టు మీది గ్లాసు తీసుకుని
నీళ్లు తాగేసింది.