గంధకం తూకం

హోంవర్కు అడిగింది: ఒక మూలకం, ఒక సమ్మేళనం, ఉదాహరణలు రాయుము.
మొదటిదానికి నాన్న కావడి అని రాశాను.
కొట్టేసి, గంధకం అన్నాను.

ఇజెన్ కొండ కడుపులో రాత్రి రెండింటికి
గొట్టాల నోట ఎర్రగా కారుతుందది.
చల్లారితే పసుపు. గునపం దెబ్బకి పెళుక్కున విరుగుతుంది.
ముక్కలో ముక్క, ఆ ముక్కలో ముక్క,
ఇక నన్ను విరిస్తే నేను నేను కానని
మొండికేసే చోటు దాకా వెళ్ళినా గంధకమే.
ఆ పరమాణువుకి ఒంటరితనం పడదు.
ఎనిమిది చేరి, చేతులు పట్టుకుని
ఎగుడుదిగుడు కిరీటంలా కూర్చుంటాయి.
అది అణువు. అయినా సమ్మేళనం కాదు,
ఒకే కడుపున పుట్టిన ఎనిమిది, అంతే.

గుమ్మంలో కావడిబద్ద తుడుస్తున్న నాన్నకి ఇదంతా చెబితే
"మరి పొగ?" అన్నాడు.

పొగ వేరు నాన్నా.
నీలంగా మంటంటుకోగానే ఆ ఎనిమిదీ చెదిరిపోతాయి,
ఒక్కొక్కటీ రెండేసి ఆక్సిజన్లతో వియ్యమందుకుంటుంది.
ఆక్సిజన్ ఊపిరి. గంధకం రాయి.
పుట్టింది మాత్రం ఊపిరీ కాదు, రాయీ కాదు.

"దగ్గు," అన్నాడు,
తడిగుడ్డ పళ్ళ మధ్య బిగించి.
కింద పచ్చగా మెరిసే సరస్సులోని ఆమ్లానికి
ఆ గుడ్డ తడిలో ఊరేది దగ్గరి చుట్టమని
నేను చెప్పలేదు.
ఆ పళ్ళు ఎంత అరిగాయో నాకు తెలుసు.

డెబ్భై రెండు కిలోలని చీటీ రాశాడు తూకం కాడ మిస్నాన్.
అందులో పరమాణువులెన్నని అడిగితే
ఎండాంగ్ టీచరు బోర్డు మీద లెక్క కట్టింది,
ఇరవై ఎనిమిది అంకెలు.
ఎనిమిదింటికొకటిగా అణువులు లెక్కిస్తే ఒక్క అంకె తగ్గింది.
రుపియాల్లో అయితే
అయిదే.

సాయంత్రం టీ.
నాన్న మోసింది చక్కెర మిల్లుకే పోతుంది.
చెంచా ఆపి అడిగాడు, "ఇందులో నాదెంత?"
కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్,
మూడు వేళ్ళు మడిచాను. నాలుగోది మడవలేదు.
చెరుకురసం రంగు తీసేసి తప్పుకుంటుంది నాన్నా, గంధకం.
"ఓహో, కూలికొచ్చి పోయింది."
నవ్వి, ఇంకో చెంచా వేసుకున్నాడు.

నీ జుట్టులో ఉంది, గోళ్ళలో ఉంది,
అది మాత్రం ఎక్కడికీ పోలేదని చెప్పబోయేసరికి
కూర్చున్నచోటే కునుకు.

నోటుబుక్కులో రెండో గీత ఇంకా ఖాళీ.
నిద్రలోనే దగ్గాడు.