మొరాయించనిది

మార్చి నెల. గుమ్మం ముందు మంచు ఇంకా కరగలేదు.
బూట్లు దులుపుకోకుండానే లోపలికొచ్చింది వెర్లా ట్వైట్.
డెబ్బై రెండేళ్ల మనిషి,
గొర్రెల వాసనా డీజిల్ వాసనా కలిసిపోయిన కోటు.
"ఒక చేతి తుపాకీ కావాలి ఆర్డెల్, అత్యవసరానికి" అంది.

ఏ అత్యవసరమని నేను అడగలేదు.
కోల్డ్ ఫోర్క్‌లో ఎవరూ అడగరు.
షెరీఫ్ రావాలంటే యాభై మైళ్లు,
అదీ రోడ్డు కనబడితే.

అద్దాల బల్ల కింద నుంచి ఒక్కొక్కటే తీసి
ఆకుపచ్చ గుడ్డ మీద పరిచాను.
పదిహేడు తూటాలు పట్టేవి,
చీకట్లో చుక్క వెలిగేవి,
సబ్బుబిళ్లంత ఒదిగిపోయి చేతిసంచిలో దూరేవి.
ముప్పై ఏళ్లుగా అరిగిన మాటలే మళ్లీ చెబుతున్నాను.
ఆమె వినడం లేదు.
ఒకదాని స్లైడు పట్టుకుని వెనక్కి లాగింది.
అల్లం కొమ్ముల్లా ఉబ్బిన వేళ్ల కణుపులు.
సగందాకా వచ్చి జారిపోయింది.
మళ్లీ లాగింది.
మళ్లీ.
నేను కిటికీవైపు తిరిగాను,
ఎవరైనా బట్టలు మార్చుకుంటుంటే
చూపు తప్పించినట్టు.

అప్పుడడిగింది అసలు సంగతి:
"దీన్నొక ఏడాది మర్చిపోతే?
నూనె పెట్టక, తుడవక, సొరుగులో పడేస్తే
ఆ రోజున మాట వింటుందా?
మా ఇంట్లో అన్నీ మొరాయించే సరుకే.
బావి పంపు, పికప్పు,
బతికున్నన్నాళ్లూ మా లార్స్ కూడా."

వెనక గదిలోకి వెళ్లి పాత రివాల్వరు తెచ్చాను.
ఐదు గుళ్లది. నీలి మెరుగు పోయి
అంచులు వెండిలా తేలాయి.
అందులో మాయ ఏమీ లేదు,
వేలు నొక్కితే చక్రం తిరుగుతుంది, అంతే.
అరచేతిలో తూచి చూసింది,
పెట్ట కింది గుడ్డును చూసినట్టు.
కంకర గుంటలో రేకు డబ్బా పెట్టాం.
ఐదింట్లో రెండు తగిలాయి.
"చాల్లే" అంది.

ఫారంలో ఎత్తు రాసే చోట పెన్ను ఆగింది.
"ఒకప్పటిదా, ఇప్పటిదా?"
తాళమున్న ఇనప్పెట్టె కూడా అంటగట్టాను.
పిల్లికూనల కోసం పక్క ర్యాంచి పిల్లలు
చెప్పకుండా వస్తుంటారట ఆమె ఇంట్లోకి.

రెండు చలికాలాలు గడిచాయి.
పోస్టాఫీసులో కనబడితే ఉన్ని ధర మాట్లాడుకున్నాం.

నవంబరులో ఓ తెల్లవారుజామున
నేనింకా దీపాలు వెయ్యకముందే తలుపు తట్టింది.
కోటు మోచేతుల దాకా తడి. మంచు కాదది.
తాళం పెట్టె తెరిచి
రివాల్వరును ఆకుపచ్చ గుడ్డ మీద పెట్టింది.
పక్కనే ఒక ఖాళీ ఇత్తడి తొడుగు.

"రాత్రి గ్యాసు లారీ గుద్దేసింది
నా గేటు దగ్గర.
ముందరి కాళ్లు రెండూ పోయాయి ఆర్డెల్,
అయినా లేవబోతోంది, లేవబోతోంది.
పశువైద్యుడికి ఫోను చేశాను, మోగుతూనే ఉంది.
నీకూ చేశాను."

అప్పుడు తెలిసింది నాకు, టిన్సెల్ అని.
మా అమ్మాయి పేరు పెట్టిన బూడిదరంగు గుర్రం.
సెప్టెంబరు నుంచీ రేపు కడతానంటూ
నేను కట్టని కంచె.
రాత్రి గదిలో హీటరు రొదలో
నేను వినని ఫోను.

"ఒక్కటే పట్టింది," అంది వెర్లా.
"మొరాయించలేదు.
చెప్పొద్దూ, ఆ క్షణం
మొరాయిస్తే బాగుండుననిపించింది."

నేను చక్రం తెరిచాను.
నాలుగు నిండుగా, ఒకటి ఖాళీగా.
బ్రష్షుతో గొట్టం తుడిచాను, నూనె పెట్టాను,
తుడవాల్సినది అయిపోయాక కూడా తుడిచాను.
ఆమె ఏమీ అనలేదు.
స్టవ్ మీద కాఫీ పొంగింది.

"ఐదోది కావాలి," అంది.
మేము పెట్టె మొత్తంగానే అమ్ముతాం.
ఒక పెట్టె చింపి
ఒక్క తూటా తీసి ఆమె అరచేతిలో పెట్టాను.
తడి చేతులతోనే డాలరు నోటొకటి తీసి
గుడ్డ మీద పెట్టి వెళ్లిపోయింది.

సాయంత్రం లెక్కల పుస్తకం తెరిచాను.
తేదీ వేశాను.
ఆ నోటును ఏ పద్దులో రాయాలో
ఇప్పటికీ తేలలేదు.