అమ్మ, పక్కన రెండు చుక్కలు

లాభాల వాటా పడ్డదని ఫోన్ల మెసేజ్ వచ్చిన పొద్దుగాలే
అభిజ్ఞ లెక్కల నోట్‌బుక్కుల ఎనక పేజీ చింపింది.
దసరాకు ఎవలకేం గావాల్నో రాస్తదట.
డాడీ: బూట్లు, నల్లయి, లేసులు లేనియి.
తమ్ముడు: రిమోటు కారు, అది కాకుంటె అసొంటిదే ఇంకోటి.
తాత: మెత్త దిండు, ఒరిగి కూసుంటె దగ్గు జర ఆగుతదని.
తనకు పదకొండు. పదకొండోది చెప్పదట,
దుకాణంల చూపిస్తదట.
అమ్మ, పక్కన రెండు చుక్కలు.
ఒకటి, రెండు, మూడు అని అంకెలేసి
"నువ్వే రాయి, నాకు తెల్వది" అని చేతుల వెట్టింది.

నాకు మాత్రం తెలుసా బిడ్డా!

మిక్సీ జారు రాసిన. కొట్టేసిన.
పచ్చడి నేనొక్కదాన్నే తింటానా.
కుక్కరు రబ్బరు, బాత్రూం తలుపుకు గొళ్లెం...
"అమ్మా, గవి క్వార్టర్‌కు. నీకు" అన్నది.
చీర అందామంటె
మొన్న బతుకమ్మకు తెచ్చినదే మడత విప్పలేదు.
ఇంత చిన్న ప్రశ్నకు
పదో తరగతి పరీక్షల కూసున్నట్టు చెమట వట్టింది.

కాయితం మడిచి టిఫిను సంచిల వెట్టుకొని
మూడో షిఫ్టుకు వోయిన.
ల్యాంపు రూంల నా ముంగట మూడు వందల దీపాలు
చార్జింగు మీద, ఎర్ర చుక్కలు
ఒక్కొక్కటే ఆకుపచ్చ అయితుంటయి.
బిళ్ల ఇచ్చి దీపం తీస్కపోతరు,
దీపం ఇచ్చి బిళ్ల తీస్కపోతరు.
తొమ్మిదేండ్లాయె, నెంబర్లన్ని నోటికొస్తయి.
నూటపన్నెండు ఓదెలు, బెల్టు బిగుతుగ గావాలె.
రెండొందల ఏడు సదయ్య, రెండుసార్లు ఏసి ఆర్పి చూస్తె గని నమ్మడు.
అడగక ముందే ఎవలది వాళ్ల చేతులకిస్త.

"ఏం రాస్తున్నవ్ సారక్కా, ఇండెంటా?"
అవునన్న.
"అయితె మూడు కాపీలు రాయి,
వచ్చే దసరాకన్న వస్తది"
ఓదెలు నవ్వుకుంట పోయిండు.

మేడారం పోయినప్పుడల్ల అడిగిన, అడగక కాదు.
మరిది కోర్టు కేసుకు, పిల్లగాని జరానికి,
నాయిన అన్‌ఫిట్ కాయితం మీద సంతకం వడాలని.
ఆ సంతకంతోనే ఈ నౌకరి.
ఎవలెవల పేరు మీదనో
నా బరువు తూగిన బెల్లం ఇచ్చిన,
అరవై రెండు కిలోలు.
తల్లులు అనుకొని ఉంటరు,
దీనికి బరువొక్కటే ఉన్నది, కోరిక లేదని.

పన్నెండు దాటింది. షిఫ్టు మొత్తం దిగింది.
ర్యాకుల ఒక్క దీపం మిగిలింది,
ఎనభై ఒకటి, నాగా పెట్టిన రాజలింగుది.
ఎందుకో టోపీకి తగిలిచ్చి నెత్తిన వెట్టుకున్న.
బరువున్నది.
నాయిన నుదుటి మీద ఆ గుంత ఎందుకున్నదో
ఇన్నేండ్లకు ఎరుకైంది.
రూం లైటు ఆర్పి దీపం ఏసిన.
నేనెటు చూస్తె అదొక్కటే ఉన్నది,
తక్కినదంత లేదు.

ఇన్ని దీపాలిచ్చిన,
అవి ఏడ ఎలుగుతయో ఒక్కపారి సూడలే.
పైకే అన్నట్టున్న, నా గొంతు నాకే ఇనవడ్డది.

ఒకటి కాడ రాసిన: కిందికి ఒక్కపారి పోయి రావాలె.
రెండు, మూడు ఏం తట్టలే.

పొద్దుగాల అభిజ్ఞ పళ్లు తోముకుంట చదివింది.
"కిందికంటె ఏడికి? మార్కెట్‌కా?"
గనిలకు.
"గది దుకాణంల దొరకదు కదనే."
దొరకదు.
నురుగు నోటితోనే జర సేపు ఆలోచన చేసి
రెండు కాడ తనే రాసింది: చెప్పులు, ఆరు నెంబరు.
మూడు అట్లనే ఇడిసిపెట్టింది.
ఒకటి కొట్టేస్తదేమో అని చూసిన,
కొట్టెయ్యలే.
తీస్కపోయి తాతకు చూపిచ్చింది.

నాయిన కాయితం దూరం పట్టి సదివిండు,
మొఖం పక్కకు తిప్పి దగ్గిండు.
"అండ్ల ఏమున్నదే, చీకటి" అన్నడు.
శాన సేపటికి, చాయ సగం తాగినంక,
"బూట్లు మంచియి ఏస్కో.
నీళ్లుంటయి."