తప్పు బస్సు

లైబ్రరీ మెట్ల కింద గది నాది.
గురువారం నాలుగింటికి ఓబులేశు వస్తాడు
మూడు బ్యాక్‌లాగులు, ఒక పసుప్పచ్చ హైలైటరూ పట్టుకొని.

పుస్తకం తెరిస్తే
ప్రతి పేజీకీ పసుపు.
పండగనాడు గడపక్కూడా అంత పూయరు.
"ఇందులో ముఖ్యమైందేది?"
"అన్నీ ముఖ్యమే గదా మేడం."

మూసెయ్యమన్నాను.
తెల్ల కాగితం ముందుకు తోసి
గుర్తున్నది రాయమన్నాను.
పది నిమిషాలు.
బయట యలహంక రోడ్డు మీద హారన్లు.
తేదీ వేశాడు. దాని కింద గీత గీశాడు,
స్కేలుతో.

ఆ గీత నాకు తెలుసు.
సెకండియర్లో నేనూ గీశాను,
తర్వాతేమిటని ఎవరూ అడగలేదు.

మాట మార్చి, ఊరు అలవాటైందా అన్నాను.
మెజెస్టిక్ నుంచి ఏ నంబరు ఎటు పోతుందో
హెబ్బాళ దగ్గర ఎక్కడ దిగి ఏది పట్టాలో
గుక్క తిప్పుకోకుండా చెప్పాడు.
"బోర్డులన్నీ కన్నడమే కదా, ఎట్లా నేర్చావు?"
"సగం అక్షరాలు మనవే మేడం.
మిగతాది... తప్పు బస్సెక్కి."

ఇద్దరం కాసేపు
ఆ మాట వైపే చూస్తూ కూర్చున్నాం.

తర్వాతి గురువారం రాలేదు.
ఆపై వారం వచ్చాడు,
నాలుగు కాగితాలు, నిండా కొట్టివేతలు.
ఏడో లెక్క మూడుసార్లు, మూడు రకాలుగా తప్పు.
"ఇప్పుడు యాడ దిగాల్నో తెల్సింది" అన్నాడు.
జవాబింకా రాలేదు.

హైలైటర్ నా బల్ల మీదే మర్చిపోయాడు,
మూత లేకుండా.