ఇరవై నాలుగు తలకాయలు

పొద్దుగాల ఐదున్నరకు
గోదావరిఖని ఇంకా కండ్లు నలుపుకుంటుంటే
సుత్తె పట్టుకొని పట్టాల మీదికి ఎక్కుత.
నాలుగు వందల పన్నెండు మెట్లు.
నడుమల మూడు తాన్ల నిలబడ్త,
రొమ్ముల ముప్పై ఒక్క ఏండ్ల బొగ్గుదుమ్మున్నది,
అది గూడ నాతోని ఎక్కాలె గద.

ఒక్కొక్క బోల్టును కొట్టి ఇంట.
ఖంగుమన్నదంటే గట్టిగున్నట్టు.
డొల్లగ పలికితే సుద్దతోని గీత గీసి
కిందున్న సారక్కకు ఫోన్ కొడ్త.
బాయిల పైకప్పును గిట్లనే కొట్టి ఇనేటోళ్లం.
కప్పు అబద్ధమాడదు,
మనమే సగం ఇని పనిల పడ్తం.

మీదికెళ్లి చూస్తె అంత కనపడ్తది:
ఓపెన్‌కాస్టు తవ్వి పారవోసిన మట్టిగుట్ట,
దాని నడుముకు సుట్టుకున్న ఎర్ర ఇనుము.
గీ గుట్ట మీద తుమ్మచెట్టు మొలుస్తదంటేనే
మేమెవ్వలం నమ్మలే.

మొదటి బండిల ఇసుక సంచులు కూసుంటయి.
ఇసుక అరవదు.
గొలుసు దొరకవట్టుకొని టక టక టక
గుంజుకపోతది మీదికి.
ఆ సప్పుడు నాకెరుకే,
పదకొండేండ్లు హాలేజి తాడు నడిపిన చేతులివి.
కొనకు పోయినంక ఒక్క చిటికె ఆగినట్టయితది.
అటు రామగుండం పొగగొట్టాలు,
ఇటు గోదారి ఇసుక.
అప్పుడే నేల చెయ్యి ఇడిసిపెడ్తది.

ఆ దుంకుడు దుంకి పెద్ద సున్నా సుడ్తది తలకిందులుగ.
సున్నా కింద వలల నాకు దొరికినయి:
చిల్లర పైసలు, ఎడమకాలి చెప్పులు,
ఒకసారి ఎవలియో పండ్ల సెట్టు.
ఆయన నోరు మూసుకొని వచ్చి తీసుకపోయిండు.
దాని తర్వాత సకినం సుట్టినట్టు మూడు సుట్లు,
ఆఖరుకు సొరంగం, తొమ్మిది సెకండ్ల చీకటి.
బాయి లెక్కనే ఉండాలన్నడట గీత గీసిన ఇంజినీరు.
గోడలకు నల్లరంగు, మూలకు టోపీలైటు బొమ్మ.
బొమ్మ చేతుల చెమ్మస్ ఉల్టా ఉన్నది.
మూడు సార్లు చెప్పిన.
పిల్లలు భయపడ్తున్నరు, చాలన్నరు.

ఎక్కేటప్పుడు ఇరవై నాలుగు తలకాయలు.
దిగేటప్పుడు ఇరవై నాలుగు.
లెక్కవెట్టకుంటె నాకు బువ్వ పోదు.
మిషిన్ చూసుకుంటది తాతా, అంటది సారక్క.
అంటది గని,
బాయి మీద ఇత్తడి బిళ్లల బోర్డుండె.
దిగేటోడు బిళ్ల తీసుకపోతడు,
ఎక్కినంక మళ్ల మొలకు తలిగిస్తడు.
ఒకనాడు రెండో షిఫ్టుల
ఒక్క మొల బోడిగ మిగిలింది.
నూట ఎనభై ఆరు. మేకల ఓదెలు.

మొన్న సోమారం ఆయన పెండ్లాం వచ్చింది,
మనుమని ఏలు పట్టుకొని. లసుమవ్వ.
"గిది కింది దాక పోతదా?" అనడిగింది.
పోతదన్న.
"సీకటి గూడ ఉంటదట?"
ఉంటదన్న.
ముక్కుపుల్ల తీసి కొంగుల ముడేసుకున్నది.

కడ్డీ నేనే దించి రెండుసార్లు గుంజి చూసిన.
బండి ఎక్కుతుంటె గొలుసు దిక్కు చూడలే,
ఏడో వరుసల తెల్ల కొప్పు దిక్కే చూసిన.
కొన కాడ అందరు అరిసిండ్రు.
ఆమె అరిసిందో లేదో తెల్వది.
సొరంగం మూతి కాడ లెక్కవెట్టిన,
ఆరు, ఏడు, ఎనిమిది,
నా తొమ్మిది ఎప్పుడూ జర పొడుగు.

వచ్చింది. కొప్పు ఊడిపోయి
మొఖమంత ఎంటికలు.
దిగి, గోడ వట్టుకొని నిలబడి,
"గాలి మస్తుగున్నది" అన్నది.
"ఆడ ఉండెనా?"

ఫ్యానుండె అవ్వా, అన్న.
పెద్ద ఫ్యాను.

"ఫ్యానుండెనా" అన్నది.
మనుమడు ఐస్‌క్రీమన్నడు. పోయిండ్రు.

బండి తుడిసేటప్పుడు చూసిన,
ఏడో వరుస కడ్డీ మీద
రెండు చేతుల మందం తడి.
తుడవలే.
ఎండకు ఆరనిచ్చిన.