పచ్చి గోడ

గుల్లలు కాల్చిన వాసన ఇప్పటికీ నాకు
క్రిస్మస్ వాసన.
సలోమమ్మ బట్టీలో బొగ్గుల మంట,
ఉప్పుటేటి గుల్లలు చిటపటమని తెల్లబడేవి.
సున్నాన్ని గోతిలో పోసి, మీద నీళ్ళు నిలిపి,
"ఏడాది దాకా కదపకండ్రా, పచ్చి బాలింత" అనేది.

ఫాదర్ ఇన్నయ్య ఒక చిన్న ఫొటో తెచ్చాడు.
ఎక్కడో చలిదేశం, కొండ మీద మఠం,
ఆరేడు వందల ఏళ్ళ కిందటి గోడ.
దేవదూత మోకాలు వంచి ఉన్నాడు.
మరియమ్మ పుస్తకం మూసి, వేలు మాత్రం పుటల మధ్య ఉంచింది,
వచ్చినవాడు వెళ్ళాక మళ్ళీ చదువుకుందామన్నట్టు.
గీసినవాడి పేరు ఎక్కడా లేదు.
మన కన్యాస్త్రీల గుడిలో ఇలాంటిది ఉండాలన్నాడు.

బొమ్మల జకరయ్య ఫొటో తిరగేసి చూశాడు,
వెనకాల ధర రాసుందేమోనని.
నరసాపురం గోడలన్నిటి మీదా
ఎరువుల బస్తాలూ బీడీ కట్టలూ వేసిన చెయ్యి.
"దీన్ని ఫ్రెస్కో అంటారు" అని ఫాదర్ అంటే
"పచ్చి గోడ మీద బొమ్మ. అంతేగా" అన్నాడు.

అంతే. కానీ పచ్చి గోడ ఎవరి కోసమూ ఆగదు.
పొద్దున నేను తాపీతో మెత్తినంత మేర
దీపాలు పెట్టేలోపు అతను రంగు తాగించాలి.
ఆరేటప్పుడు సున్నం రంగును లోపలికి లాక్కుని
తలుపేసుకుంటుంది.
ఆ తర్వాత వేసింది గోడ మీద ఉంటుంది, గోడలో ఉండదు.
రోజుకొక చెయ్యి. రోజుకొక రెక్క.
దేవదూత మొహానికి రెండు రోజులు.
మొదటిది తాసీల్దారులా వచ్చిందని
తనే చెక్కేశాడు.

జేగురు మెట్ట నుంచి తెచ్చాం.
మసి, సిస్టర్ల వంటింటిది.
నీలం ఒక్కటే సున్నానికి పడదు, కొరికేస్తుంది.
అందుకని మరియమ్మ ముసుగు అన్నిటికన్నా చివర,
ఆరిన గోడ మీద, గుడ్డుసొన కలిపి.
ఆ నెల సిస్టర్ ఫిలోమినా కోళ్ళు ఒక్కటీ పొదగలేదు.

ఇక మొహం.
ఫొటోలో గోరంత ఉంది, పాలిపోయి, కనుబొమ్మలు లేకుండా.
మూడు రోజులు జకరయ్య ఏమీ గీయలేదు.
నేను పొద్దున మెత్తడం, సాయంత్రం గీకెయ్యడం.
నాలుగో రోజు సలోమమ్మ తట్ట నడుమున పెట్టుకుని
గుమ్మంలో ఆగింది,
లోపలికి రావచ్చో లేదోనని
తల కొంచెం పక్కకి వంచి.
"అలాగే ఉండు" అన్నాడు.
"సున్నం ఆరిపోద్ది బాబూ" అంది.
ఉంది.

సున్నం తినేసిన వేళ్ళు, గోళ్ళు సగం లేవు.
వాటినీ వేశాడు.
ఫాదర్ చాలాసేపు చూసి, జపమాల జేబులో పెట్టుకుని,
"చేతిలో పుస్తకం ఉండాలి కదా" అన్నాడు.
"ఆవిడకి చదువు రాదండి."
తట్ట ఉండిపోయింది.

ఎనభై ఆరులో వశిష్ఠ గుడిలోకి వచ్చి
ఐదు రోజులు ఉంది.
వెళ్తూ వెళ్తూ నీలమంతా పట్టుకుపోయింది.
ముసుగు పోయిన చోట
జకరయ్య ముందుగా గీసుకున్న జేగురు గీతలు తేలాయి:
ముడి వీడిన జుట్టు, మెడ నరం,
చెవి కన్నంలో వేపపుల్ల.
అది అక్కడుందని మాకెవరికీ తెలీదు.
సలోమమ్మకి తెలుసేమో, అప్పటికే ఆవిడ లేదు.
జకరయ్యని అడిగితే, వేశానా అన్నాడు.

కొత్త ఫాదర్ నీలం వేయించెయ్యమంటాడు.
ఎమల్షనట, పదేళ్ళ గ్యారంటీ అట.
వానలు తగ్గాక చూద్దామంటాను ప్రతి ఏడూ.
ఈ నేలలో గోడ ఎప్పుడూ పూర్తిగా ఆరదు.
కింద నుంచి ఉప్పు పొంగుతుంది, పిండిలా.
శనివారాలు పొడిగుడ్డతో తుడుస్తాను,
రెక్కలు, తట్ట, వేళ్ళు.
చెవి దగ్గరకొచ్చేసరికి గుడ్డ పక్కన పెట్టి
నోటితో ఊదుతాను.